గోడ లేని నీళ్లు

మా అన్న నా ప్రాణం కాపాడాడని దేవరుప్పులలో అందరికీ తెలుసు. ఆ మేలు నేను మరిచిపోయానని కూడా అందరికీ తెలుసు. పండుగకు పుట్టింటికి పోతే అలాయిబలాయి అని కౌగిలించుకునే చేతులు కూడా కాస్త దూరం పెట్టే హత్తుకుంటాయి. "అన్న లేకుంటే ఏమయ్యేదానివి బిడ్డా, జర ఆలోచించు" అంటుంది పొరుగింటి అవ్వ. ఆలోచిస్తూనే ఉన్నాను. ఆలోచించిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు నాకు దమ్ము రోగం. చలికాలం వస్తే ఛాతీలో పిల్లి పడుకున్నట్టు గురగురమనేది. బడి దాకా నడిచేసరికి పెదవులు నల్లబడేవి. అందుకని అక్షరాలు ఇంట్లోనే అమ్మీ నేర్పింది. ముందు ఉర్దూ, తర్వాత తెలుగు, బియ్యం గింజలతో కూడికలు. పడుకునే ముందు ఆ రోజు దేవుడు ఇచ్చినవేమిటో చెప్పించేది. ఏమీ తోచకపోతే "పీల్చిన గాలి లేదా?" అనేది. దమ్ము ఉన్న పిల్లకు అది చిన్న మాట కాదు. అలా దేవుడికి షుక్ర్, అంటే కృతజ్ఞత చెప్పడం నాకు అక్షరాలతో పాటే వచ్చింది.

ఈత మాత్రం అబ్బా నేర్పాడు. దమ్ము ఉన్న పిల్లను నీళ్లలో దించుతావా అని చుట్టాలందరూ తిట్టారు. "ఊపిరి తక్కువున్నోళ్లే ఊపిరి పొదుపు చేసుడు నేర్చుకోవాలె" అనేవాడు అబ్బా. అంతకు మించి ఎవరితోనూ వాదించేవాడు కాదు.

మా ఇంట్లో దక్కనీ ఉర్దూ, వాకిట్లో తెలుగు. ఇక్కడ అందరి మాటలూ తెలుగులోనే పెడుతున్నాను. నాన్నను అబ్బా అని, అమ్మను అమ్మీ అని, అన్నను భాయ్ అని తప్ప వేరేగా పిలవడం నాకు రాదు కనుక ఆ పిలుపులను మాత్రం కదపలేదు.

మా చేనులో బావి మోట తోలిన కాలం నాటిది. గుండ్రటి రాతి కట్టు, ఒక పక్కన మెట్లు, పైన అబ్బా నమాజు చేసుకునే బల్లపరుపు బండ. అబ్బా నా వీపుకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి దించేవాడు. బుర్ర నన్ను తేల్చేది, నేను కాళ్లూ చేతులూ ఆడించాలి. భాయ్ నాకన్నా పెద్ద, అప్పటికే బుర్ర లేకుండా చేపలా తిరిగేవాడు. నేను భయంతో నీళ్లను బాదుతుంటే అబ్బా మెట్టు మీద కూర్చుని అనేవాడు. "నీళ్లను కొట్టకు బేటీ. అవి నిన్నేమన్నయి?"

మా బావిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు దిగినా గోడ కుడిచేతి పక్కనే ఉండాలి, నడిమి నీళ్లు ఎడమ పక్కకు రావాలి. అందరూ ఒకే దిక్కుగా చుట్టు తిరగాలి. పిల్లలు ఒకరినొకరు గుద్దుకోకుండా పెట్టిన కట్టుబాటే అయి ఉంటుంది. అబ్బా చెప్పే కారణం మాత్రం వేరు. హజ్‌కు పోయినవాళ్లు కాబాను ఎడమ పక్కన ఉంచుకుని ప్రదక్షిణం చేస్తారు. అబ్బాకు ఆ యాత్ర మీద ప్రాణం, రాసిపెట్టి లేదు. "పోయినోళ్లు ఎట్ల తిరుగుతరో గట్లనే తిరుగుండ్రి, అలవాటన్న అయితది" అనేవాడు నవ్వుతూ. బావిని దేనితో పోలుస్తున్నావని అమ్మీ కోప్పడేది. "పోలుస్తలేను, తిరుగుడు నేర్పుతున్న" అనేవాడు.

అలసిపోతే నిలువీత. అంటే నీళ్లలో నిలబడ్డట్టు ఉండి, కింద కాళ్లు మెల్లగా తొక్కుతూ, చేతులు పక్కలకు ఆడిస్తూ, గడ్డం దాకా పైన పెట్టుకుని అలుపు తీర్చుకోవడం. మా బావిలో పట్టుకోవడానికి గోడ ఉన్నా అబ్బా పట్టుకోనిచ్చేవాడు కాదు. భాయ్, నేను ఎదురెదురుగా నిలువీతలో ఉండి ముచ్చట్లు పెట్టుకునేవాళ్లం. ఎవరు ముందు గోడ పట్టుకుంటే వాళ్లు ఓడినట్టు. ఆ ఆటలో భాయ్ ఎప్పుడూ గెలవలేదు. ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

బుర్ర ఊడింది, దమ్ము పోయింది. పెళ్లయి భూపాలపల్లికి వచ్చాను. మా ఆయనకు బొగ్గు బాయిలో పని, మాకు కార్మికుల క్వార్టర్. పుట్టింటికి పోయినప్పుడల్లా బావిలో ఒక మునక వేయందే తిరిగి వచ్చేదాన్ని కాదు. అబ్బా పోయాక కూడా అది మానలేదు. అబ్బాకు ఖబరస్తాన్‌లో సమాధి ఉంది. అక్కడికి ఆడవాళ్లం పోము. నాకు బావి ఉంది అనుకునేదాన్ని.

నలభై దగ్గర పడ్డాక షుగరు బయటపడింది. దవాఖానలో నర్సుగా చేసే ఒక అమ్మాయి మా క్వార్టర్ల వరుసలోనే ఉంటుంది. ఆమె నన్ను పొద్దున నడకకు లాక్కుపోయేది. ఆ నడకలో తండా నుంచి వచ్చి ఇక్కడ బడిలో చెప్పే టీచరమ్మ కలిసింది. ముగ్గురం నడిచేది చూసి హైస్కూలు పీఈటీ సారు ఒకరోజు ఆపాడు.

"అమ్మా, మహబూబాబాద్ దగ్గర ట్రయథ్లాన్ పెడుతున్నరు. కొత్తోళ్ల కోసమే. ముందు చెరువుల ఈదాలె, ఎంటనే సైకిలు, ఎంటనే ఉరుకుడు. మన భూపాలపల్లి నుంచి ఆడోళ్లు ఒక్కలు గూడ లేరు."

"సైకిలు తొక్కుత సార్, ఉరుకుత. ఈతంటేనే నాతోని కాదు," అంది నర్సు. "బకెట్ల తల పెడితేనే నాకు పానం పోతది."

"నాకు వచ్చు," అన్నాను నేను. అంతవరకు ఆ మాట భూపాలపల్లిలో ఎవరికీ చెప్పే అవసరమే రాలేదు.

మా ఆయనకు చెబితే అన్నం కలుపుకుంటూనే అన్నాడు. "పో. నేను రోజు భూమి కిందికి పోతలేనా? నువ్వు నీళ్ల కిందికి పో. ఎవలో ఒకలం పైన ఉంటే చాలు, పిల్ల భయపడకుంట." పిల్ల అంటే మా బిడ్డ. దాని సైకిలే నేను నేర్చుకోవడానికి తీసుకున్నాను.

నేర్చుకోవడానికి నీళ్లు కావాలి. భూపాలపల్లి చుట్టూ చెరువుల్లో తూడు, బురద. బావుల్లో దిగడానికి మెట్లు లేవు, ఆడవాళ్లకు చాటు లేదు. చివరికి ఆదివారాలు సారు వ్యానులో దేవరుప్పులకు పోవడం మొదలుపెట్టాం. సారు భార్య కూడా తోడు వచ్చేది. పొద్దున నమాజు చేసుకుని బయలుదేరితే ఎండ ముదిరేసరికి మా బావి దగ్గర ఉండేవాళ్లం.

నర్సుకు, టీచరమ్మకు బుర్ర కట్టి దించింది నేను. బుర్రలు ఇప్పుడెక్కడివి, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాలు కట్టాను. ముందు మెట్టు మీద కూర్చుని మూతి నీళ్లలో పెట్టి ఊదమన్నాను. "ఊదుడు వస్తే పీల్చుడు అదే వస్తది." నర్సు ఊదకుండా పీల్చింది.

"అక్కా! ముక్కుల పోయిన నీళ్లు మెదడుకెక్కినయి!"

"ఎక్కనియ్యి," అంది టీచరమ్మ. "ఖాళీగున్న జాగనే గదా."

నాకు రానిది సారు నేర్పాడు, అది చెప్పకపోతే పాపం. బావి ఈతలో మేం తల ఎత్తి ఈదుతాం. సారు మెట్ల మీద నుంచి అరిచేవాడు. "తల ఎత్తితే నడుం మునుగుతది అమ్మా! ముఖం నీళ్లలనే పెట్టాలె. చెవి దిండు మీద ఆనించినట్టు పక్కకు తిరిగి గాలి తీసుకోండ్రి. కాళ్లు ఊకె కొట్టొద్దు, సైకిలుకు దాచుకోండ్రి!" అన్నేళ్ల అలవాటు మార్చుకోవడం అంటే మాటలు కాదు. ముఖం నీళ్లలో పెట్టిన మొదటి వారం చిన్నప్పటి దమ్ము తిరిగి వచ్చినట్టే అనిపించింది. తర్వాత నెమ్మదిగా కుదిరింది. నీళ్ల కింద ఊదే ఊపిరి చప్పుడు తప్ప మరేదీ వినపడని ఆ కాసేపు నాకు నమాజులోని మౌనం లాగే ఉండేది. అందుకు సారు మేలు కోరి ఇప్పటికీ దుఆ చేస్తాను.

ఈ ఆదివారాలు భాయ్‌కి నచ్చలేదు. నచ్చలేదని చెప్పలేదు. చేనులో రెండు బోర్లు పడ్డాయి, బావి నీళ్లతో పని లేదు. దాన్ని పూడ్చేసి, రోడ్డు దాకా చదును చేసి ప్లాట్లుగా పెట్టాలని అప్పటికే అనుకుంటున్నాడట. అది నాకు భాయ్ భార్య, మా భాబీ నోటి వెంట జారింది. ఒక ఆదివారం చాయ్ తాగుతున్నప్పుడు నేనే అడిగాను.

"భాయ్, బాయి పూడుస్తవంట?"

"పూడ్వకుంటే ఏం జేస్త? ట్రాక్టర్ మలుపుకోనిస్తలేదు. పాములకు ఇల్లయింది."

"అబ్బా బాయి అది."

"అబ్బా బాయే. అబ్బా ఉన్నప్పుడు నీళ్లకుండె. ఇప్పుడు నీ ఆటకున్నది."

నర్సు, టీచరమ్మ తలలు దించుకున్నారు. భాయ్‌కి నలుగురి ముందు మాట తేలిక చేయడం బాగా తెలుసు. నవ్వాడు. "సరే, ఒక పని చెయ్యి. గీ బాయిల గోలెంల ఎండ్రికాయ లెక్క తిరుగుడు కాదు. ఆ పోటీ చెరువుల నడిమి దాంక పోయి, మళ్ల ఒడ్డుకు నీ కాళ్లతోని ఎక్కిరా. ఎక్కినవనుకో, బాయిని ముట్ట. అబ్బా మీద ఒట్టు. ఎక్కలేదనుకో, మళ్ల నోరెత్తొద్దు."

ఒట్టు వేస్తే అల్లా మీదే వేయాలి, మనుషుల మీద వేయకూడదని అమ్మీ లోపలి నుంచి గద్దించింది. నాకు మాత్రం ఆ ఒట్టు చాలు. "ఎక్కుత భాయ్" అన్నాను. ఆ రోజు నుంచి నేను ఈదింది పతకం కోసం కాదు. సైకిలు ఎలా తొక్కుతానో, ఎలా పరుగెత్తుతానో నాకు పట్టలేదు. ఒడ్డుకు ఎక్కాలి, అంతే.

పోటీకి ముందు సారు మమ్మల్ని దంతాలపల్లి దగ్గర ఒక చెరువులో దింపాడు. చుట్టూ గోడ లేని నీళ్లలో నేను అదే మొదటిసారి. ఎదురుగా ఒక తాటిచెట్టు గురుతు పెట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, సారు చెప్పినట్టే ఈదాను. తల ఎత్తి చూస్తే ఎదురుగా తాటిచెట్టు లేదు. తుంగ ఉంది. నేను ఎడమకు ఎటో పోయాను.

"అమ్మా, ఎటు పోతున్నరు? సూర్యాపేటకా?" ఒడ్డు మీద సారు నెత్తి పట్టుకున్నాడు.

మళ్లీ ఈదితే మళ్లీ ఎడమకే. నర్సు కూడా ఎడమకే పోయింది, మా బావిలోనే నేర్చుకున్నది కనుక. అప్పుడు అర్థమై నవ్వు ఆగలేదు. కుడిచేతి పక్కన గోడ ఉందనుకుని నా ఒళ్లు తనంతట తాను వంగుతోంది. అబ్బా నేర్పిన తిరుగుడు. సారు ఉపాయం చెప్పాడు. "మొసలి లెక్క కండ్లు మాత్రం బయటికి తీసి గురుతు చూసుకోండ్రి, వంక సరిజేసుకోండ్రి. ఏమీ కనపడకుంటే పరేషాన్ కావొద్దు, ఆగి చూసుకోండ్రి. ఆగుడు తప్పు కాదు. కాపాడే పడవ ఎక్కితేనే పోటీల నుంచి పోయినట్టు." నాకు ఆగడం అంటే నిలువీతే.

ఆ సాయంత్రం ఫోన్లో భాయ్‌కి ఈ సంగతంతా చెప్పాను. మా మధ్య బావి గొడవ ఉన్నా ఈ నవ్వు పంచుకోవడానికి ఈ లోకంలో నాకు ఇంకెవరున్నారు? "నువ్వు దిగినా గంతే భాయ్, ఎడమకే పోతవు" అన్నాను. భాయ్ కూడా గట్టిగా నవ్వాడు. "అబ్బా మనకు హజ్ ఈత నేర్పిండు చెల్లె!" అన్నాడు. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. అందుకే ఇంత చేదు.

పోటీ రోజున తెల్లారగట్ల చెరువు కట్ట మీదే ఫజర్ నమాజు చేసుకున్నాను. నిండు చేతుల కుర్తా, పైజామా, తలకు అమ్మీ కుట్టిన నల్ల బట్ట టోపీ. ఆ బట్టలకు సారు ముందే అనుమతి అడిగి పెట్టాడు. పైన మాత్రం పోటీ వాళ్లిచ్చే నారింజ రంగు రబ్బరు టోపీ ఉండాలన్నారు. ఉంటేనే నీళ్లలో ఎవరు పోటీదారో పడవల వాళ్లకు తెలుస్తుందట. బట్ట మీద రబ్బరు తొడిగాను. అమ్మీ దుఆ చదివి నా ముఖం మీద ఊదింది. అమ్మీని తీసుకుని వచ్చింది భాయే. ఇస్త్రీ తెల్ల చొక్కా, మెరిసే చెప్పులు. మా ఆయన సెలవు పెట్టి వచ్చి సైకిళ్ల దగ్గర నిలబడ్డాడు.

"యాదున్నది గదా?" అన్నాడు భాయ్. "కాళ్లతోని ఎక్కాలె."

"నీకు యాదుంటే చాలు భాయ్."

బిస్మిల్లా అనుకుని దిగాను. మొదట అందరూ ఒక్కసారి పడేసరికి ఒకరి మోచెయ్యి దవడకు తగిలింది, ఒకరి కాలు కడుపులో. సారు చెప్పినట్టు పక్కకు జరిగి, గుంపును పోనిచ్చి, నా దారి నేను పట్టుకున్నాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఊదడం, చెవి ఆనించడం, పీల్చడం. కళ్లు బయటికి తీయడం, గురుతు ఎక్కడుందో చూడడం, కుడికి సర్దుకోవడం. పోయే దారిలో వంకరటింకరగా పోయినా నడిమి నీళ్లలో కట్టిన పెద్ద గాలిబుడగను చేరాను. దాన్ని చుట్టాలి. చుట్టడం ఎడమ పక్కగానే. అది మాత్రం నా అంత బాగా ఆ రోజు ఎవరూ చుట్టి ఉండరు. నీళ్లలోనే నవ్వుకున్నాను. అబ్బా చూస్తే బాగుండు అనుకున్నాను.

తిరుగు దారిలో ఎదురుగా సూర్యుడు. నీటి మీద ఎండ పడి పగిలిన అద్దంలా మెరుస్తోంది. ఒడ్డున కట్టిన బట్ట ద్వారం మీద చూపు పెట్టుకోవాలి, కాని అది కనపడలేదు. బట్ట మీద తొడిగిన రబ్బరు టోపీ అప్పటికే ఎక్కడో జారిపోయింది, నాకు తెలియదు. మిగతావాళ్ల చప్పుడు కుడి పక్కన దూరంగా వినపడింది. అంటే నేను మళ్లీ ఎడమకు వచ్చేశాను. పరేషాన్ కాలేదు. ఆగాను. నిలువీతలో నిలబడి, గడ్డం పైకి పెట్టి, కళ్ల మీద నీళ్లు తుడుచుకుని ఒడ్డు వెతికాను. మనుషులు కనపడుతున్నారు. ద్వారం కూడా కనపడింది. దూరం ఏమంత కాదు. ఊపిరి నిండుగా ఉంది. ఇది నేను దేవుని ముందు చెప్పే మాట. నా ఊపిరి నిండుగా ఉంది.

అప్పుడు ఒడ్డు మీద కేకలు. పడవ నా వైపు తిరిగింది.

"నాకేం కాలె! పోటీల ఉన్న!" అని అరిచాను.

"భయపడకక్కా, వచ్చినం, వచ్చినం," అన్నాడు పడవలోని మనిషి.

"ముట్టొద్దన్నా! నీకు దండం పెడుత, ముట్టొద్దు!"

దండం పెట్టడానికి చెయ్యి ఎత్తానో లేదో ఆ చెయ్యే పట్టుకున్నాడు. మునిగేవాళ్లు అలాగే కొట్టుకుంటారని, వద్దంటారని అతనికి ఎవరో నేర్పి ఉంటారు. ఇద్దరు కలిసి చంకల కింద చేతులు వేసి నన్ను బియ్యం బస్తాలా పడవలోకి లాగారు. మోకాలు గీరుకుపోయింది. పరాయి మగవాళ్ల చేతులు. తడిసిన బట్టలు సర్దుకుంటూ పడవ అడుగున కూర్చున్నాను. ఇద్దరూ మంచివాళ్లే, వాళ్ల పని వాళ్లు చేశారు. ఒకతను తన తువ్వాలు తీసి ఇచ్చాడు. "తలకు టోపీ లేదక్కా. బట్టలతోని ఎవలో చెరువుల పడ్డరనుకున్నం. మీ అన్ననంట, గాయినే మొత్తుకుంటుండు."

నేను ఒడ్డుకు నా కాళ్లతో ఎక్కలేదు. పడవ ముందు భాగం బురదకు ఆనింది. ఎవరో చెయ్యి ఇచ్చి దింపారు.

మా ఆయన సైకిళ్ల దగ్గర నుంచి ఉరికి వచ్చాడు. ముఖంలో రక్తం లేదు. "మీ భాయ్ మొత్తుకున్నడు," అన్నాడు. "'నా చెల్లె మునుగుతున్నది, దానికి చిన్నప్పటి సంది దమ్మున్నది, ఉరుకుండ్రి' అని. నాకు ఈత రాదు. ఈత వచ్చినోడు అంటుండు గదా, నిజమే అనుకున్న."

అమ్మీ నన్ను పట్టుకుని ఏడ్చింది. "షుక్ర్ చెయ్యి బేటీ. అన్న చూడకపోతే ఏమయ్యేది? అన్నకు షుక్రియా చెప్పు."

నర్సు చివరి దాకా పూర్తిచేసింది, టీచరమ్మ కూడా. పోటీ ముగిశాక వేదిక మీద పతకాలు ఇచ్చారు. పతకాల తర్వాత మైకులో భాయ్‌ను పిలిచారు. సమయస్ఫూర్తి అన్నారు, అన్నాచెల్లెళ్ల అనుబంధం అన్నారు. శాలువా కప్పారు. చప్పట్లు. నేను పరాయి తువ్వాలు కప్పుకుని కింద వరుసలో కూర్చుని చూశాను. ఎవరో నన్ను కూడా చప్పట్లు కొట్టమన్నట్టు మోచేత్తో పొడిచారు. కొట్టాను.

సాయంత్రానికల్లా నన్ను పడవలోకి లాగే వీడియో ఫోన్లన్నింటిలో తిరిగింది. భూపాలపల్లిలో కూరగాయల బండి దగ్గర కూడా "మీరేనా అక్కా మునిగింది?" అని అడిగారు. కాదని చెబితే నమ్మరు. అవునని చెప్పడానికి నోరు రాదు. మా బిడ్డను బడిలో ఏడిపించారు. దానికి నేను నిలువీత అంటే ఏమిటో మంచం మీద కూర్చుని కాళ్లాడించి చూపించాల్సి వచ్చింది.

తర్వాత కొన్నాళ్లకే భాబీ ఫోన్ చేసి, "మీ భాయ్ మట్టి తోలిస్తుండు, నీకు చెప్పొద్దన్నడు," అని గబగబా పెట్టేసింది. ఉన్నపళంగా బస్సెక్కాను.

నేను పోయేసరికి ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. మట్టి పోస్తుంటే బావిలో నీళ్లు పైకి వస్తాయని నాకు అంతవరకు తెలియదు. ఎన్నో మెట్లు దిగితే గాని అందని నీళ్లు ఎర్రగా, నురగతో పై మెట్టు దాకా వచ్చి నిలబడ్డాయి. అబ్బా బండను జేసీబీ ఒక పక్కకు నెట్టేసింది. భాయ్ తువ్వాలు భుజాన వేసుకుని డ్రైవర్‌కు చెయ్యి ఊపుతున్నాడు.

"భాయ్."

"వచ్చినవా? చాయ్ తాగినవా?"

"నేను నిలువీతల ఉన్న. నీకు తెల్వదా?"

"దూరం నుంచి ఏం తెలుస్తది?"

"ఎడమకు పోతనని నీకు చెప్పలేదా? నవ్వలేదా నువ్వు?"

"గప్పుడు యాదికొస్తదా చెల్లె? భయమైంది. నీ పానం కన్న బాయి ఎక్కువనా నాకు?" గొంతు కొంచెం పెంచాడు, డ్రైవర్‌కు వినపడేలా. "కాపాడిన పాపానికి మాటలు పడుతున్న."

బస్సులో దారి పొడుగునా నమలి నమలి తెచ్చిన మాట ఒకటి నా దగ్గర ఉంది. అనకుండా మింగేస్తే మంచిదేమో అని కూడా అనుకున్నాను. ఓర్పు చాలా గొప్పదని అమ్మీ చెబుతుంది. కాని అన్నాను.

"నేను మునుగుతున్నననే నువ్వు అనుకుంటే, నువ్వే దుంకేటోడివి భాయ్. నీకు ఈత రాదా? నన్ను బాయిల నుంచి ఎన్నిసార్లు గుంజలేదు నువ్వు, బుర్ర ఊడినప్పుడు? చెప్పులు గూడ తడవలే నీయి."

భాయ్ భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. డ్రైవర్ ఇంజన్ ఆపకుండానే మా వైపు చూస్తున్నాడు. భాయ్ అతనితో, "ఏంది చూస్తున్నవ్? మట్టి పొయ్యి!" అన్నాడు. మట్టి జారింది. నీళ్లు మెట్టు దాటి మా కాళ్ల దగ్గరికి వచ్చాయి.

నా ప్రశ్నకు భాయ్ ఇప్పటికీ జవాబు చెప్పలేదు. ఒక్కోసారి నిజంగానే భయపడ్డాడేమో, భయంలో కాళ్లు బిగుసుకుపోయాయేమో అని అనుకోవాలని చూస్తాను. అనుకుంటే నాకే మంచిది, నిద్ర పడుతుంది. కాని ఆ మెరిసే చెప్పులు కళ్ల ముందుకు వస్తాయి.

దేవుడు నాకు ఇచ్చినవి తక్కువేం కాదు, లెక్క తప్పను. దమ్ము పోయింది. నర్సు ఇప్పుడు ముఖం నీళ్లలో పెట్టడానికి భయపడదు. ఆమె నా దగ్గర నేర్చుకున్నానని అందరికీ చెబుతుంది, వినేవాళ్లు నమ్మకపోయినా చెబుతుంది. టీచరమ్మ తన పతకం తెచ్చి నా మెడలో వేయబోతే వద్దన్నాను. ఆమె నొచ్చుకుంది. అబ్బా బండను సారు తన వ్యానులో తెచ్చి మా క్వార్టర్ వాకిట్లో వేయించాడు. నమాజుకు ముందు దాని మీదే కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటాను. వీటన్నింటికీ షుక్ర్.

ఇంకొకటి ఉంది, అది అమ్మీకి చెప్పలేదు. పూడ్చిన బావి ఊరుకోదట. మొదటి వానాకాలం ఆ చోట నేల గుండ్రంగా కుంగింది. భాయ్ మళ్లీ మట్టి పోయించి చదును చేయించాడు. మరుసటి వానకు మళ్లీ కుంగింది. కొనడానికి వచ్చినవాళ్లు ఆ గుండ్రటి గుంటను చూసి, ఇక్కడ ఏముండె అని అడిగి వెనక్కి పోతున్నారట. భాబీ ఫోన్లో గుసగుసగా చెబుతుంది. "ఎంత పోసినా దిగుతనే ఉన్నదమ్మా."

వానలు మొదలైతే నేను కిటికీ దగ్గర కూర్చుంటాను. ఇలాంటి దానికి షుక్ర్ చెప్పవచ్చో లేదో అమ్మీని అడగలేదు. అడగకుండానే చెబుతున్నాను.